కెమెరా సాక్షి, కాపలా మనిషి



హోటలు అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది పెసరట్టు ఉప్మా. ఈవేళ నేను చెప్పబోయేది తిండి హోటళ్ళ గురించి కాదు, బస చేసే హోటళ్ళూ లాడ్జీల గురించి. వాటితో ఇల్లాళ్ళకేం పని అంటారా? మన మలికిపురం మండలంలోనే దిండి ఉంది గదా! వశిష్ఠ గోదావరి ఒడ్డున, కొబ్బరితోటల మధ్య రిసార్టులూ, నీళ్ళ మీద పడవ ఇళ్ళూ వచ్చాక సంక్రాంతికి అక్కడ గది దొరకడం గగనమైపోయింది. మాఘమాసంలో అంతర్వేది నరసింహస్వామి కల్యాణానికైతే చుట్టుపక్కల సత్రాలూ లాడ్జీలూ కిటకిటలాడిపోతాయి. ఆ గదుల్లో దుప్పట్లు మార్చేదీ, నేల తుడిచేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. దిగేవాళ్ళలోనూ మనం ఉంటాం, మన ఆడపిల్లలుంటారు. కనక ఇది మన సంగతే.

ఈ రోజుల్లో ఏ హోటలుకు వెళ్ళినా గుమ్మం పైనించి కెమెరా మనల్ని చూస్తూ ఉంటుంది. "కెమెరా ఉంది గదా, ఇహ భయమేమిటి!" అనుకుంటాం. నిజంగా భయం లేదా? దుబాయిలో జరిగిన ఒక సంగతి చెబుతాను. దుబాయి మన కోనసీమవాళ్ళకు కొత్త ఊరు కాదు గదా.

2010 జనవరి 19న అక్కడ ఒక పెద్ద హోటల్లో పాలస్తీనా హమాస్ నాయకుడు మహమూద్ అల్ మబూహ్‌ను ఆయన గదిలోనే చంపేశారు. సంగతి మర్నాడుగాని తెలియలేదు. పోలీసులు విమానాశ్రయంలోనూ, హోటళ్ళలోనూ ఉన్న కెమెరాల బొమ్మలన్నీ దండ గుచ్చినట్టు వరసగా పేర్చి చూస్తే కథంతా బయటపడింది. టెన్నిసు ఆటగాళ్ళ వేషంలో, చేతుల్లో బ్యాట్లతో ఇద్దరు మనుషులు ఆయనతోపాటే లిఫ్టెక్కారు. వెనకాలే నడిచి గది నంబరు చూసుకున్నారు. తర్వాత ఆ గదికి ఎదురుగా ఉన్న గదినే వాళ్ళ ముఠా తీసుకుంది. ఇదంతా కెమెరాల్లో ఉంది. కానీ అది జరుగుతున్నప్పుడు ఒక్కరికీ అనుమానం రాలేదు. శవం కనబడేసరికి హంతకులు దేశం దాటిపోయారు.

ఇహ మన ఇంటిపక్క సంగతి. 2020 సెప్టెంబరు 5వ తేదీ అర్ధరాత్రి దాటాక అంతర్వేది స్వామివారి రథం కాలిపోయింది. ఎంత బాధపడ్డామో చెప్పనక్కర్లేదు. ఆ సమయానికి అక్కడి కెమెరాలు పనిచెయ్యడం లేదని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. దుబాయిలో కెమెరాలు చూశాయి, మనుషులు చూడలేదు. ఇక్కడ చూడడానికి కెమెరాయే లేకపోయింది. దీన్నిబట్టి తేలేదేమిటంటే, కెమెరా జరిగినదానికి సాక్ష్యం చెబుతుందిగాని, జరగకుండా కాపలా కాయదు. కాపలా కాయవలసింది మనిషే.

అలాగని కెమెరాను తీసిపారెయ్యమనడం లేదు. 2013లో ఆనాటి ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ప్రజా భద్రత చట్టం, జనం ఎక్కువగా గుమిగూడే సంస్థలు కెమెరాలు పెట్టాలనీ, అందులో పడ్డ దృశ్యాలు 30 రోజులు దాచాలనీ చెప్పింది. గేటు, కౌంటరు, మెట్లు, నడవ, బళ్ళు నిలిపే చోటు, పడవ ఎక్కే రేవు, ఇవీ కెమెరా ఉండవలసిన చోట్లు. మనది సముద్రపు గాలి. అద్దం మీద ఉప్పుపొర ఇట్టే పేరుకుంటుంది. కొబ్బరిమట్ట ఒకటి కిందికి వాలితే సగం గేటు కనబడదు. కరెంటు పోతే పనిచెయ్యడానికి ఇన్వర్టరు ఉండాలి. యంత్రంలో గడియారం సరిగ్గా ఉందో లేదో కూడా చూసుకోవాలి. అరగంట తేడా ఉన్న సాక్ష్యాన్ని రేపు కోర్టులో ఎవరు నమ్ముతారు? వంటింటి గట్టు రోజూ తుడుచుకుంటాం గదా, వారానికోసారి దాన్నీ తుడిపించడానికి బద్ధకమెందుకు?

సరే, మనిషి కాపలా అన్నాను. మరి ఏం చూడాలి?

ఒక పెద్దమనిషి ఆడపిల్లను వెంటబెట్టుకు వస్తాడు. పేరడిగినా, ఊరడిగినా ఆ పిల్ల నోరు విప్పదు, అతనే చెబుతాడు. చుట్టరికం ఏమిటని అడిగితే ఒకసారి మేనకోడలంటాడు, ఇంకోసారి చెల్లెలంటాడు. మరొకచోట రోజుల తరబడి గది శుభ్రం చెయ్యనివ్వరు, దుప్పటి కూడా గుమ్మంలోనే అందుకుంటారు. ఇంకొక గదికి వేళాపాళా లేకుండా కొత్త కొత్త మగవాళ్ళు వచ్చి పోతూంటారు. ఇవన్నీ ఆగి చూడవలసిన సంగతులు.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా గమనించవలసింది మరొకటుంది. గల్ఫుకు పంపిస్తామని పల్లెల నుంచి ఆడవాళ్ళను తీసుకొచ్చి లాడ్జీల్లో ఉంచే ఏజెంట్లున్నారు. ఆమె పాస్‌పోర్టు అతని సంచిలో, ఆమె ఫోను అతని జేబులో ఉంటే అనుమానించవద్దూ? పెద్దగా చదువుకోనివాళ్ళకిచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టు మీద, 30 ఏళ్ళు నిండని స్త్రీని ఇంటిపనికి గల్ఫుకు పంపకూడదని నిబంధన. దాన్ని తప్పించుకోవడానికి విజిటింగు వీసా మీద దాటించేవాళ్ళున్నారు. అలాటి గది తలుపు దగ్గర మంచినీళ్ళు అందిస్తూ, "ఎక్కడికమ్మా వెళ్తున్నావు?" అని మెల్లిగా అడిగే ఒక్క మాట ఆమె బతుకును నిలబెట్టవచ్చు. కెమెరా ఆ మాట అడగలేదు.

అయితే ఇందులో ఒక ప్రమాదం ఉంది. అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. ఒంటరిగా వచ్చిన స్త్రీ, పరీక్ష రాయడానికి వచ్చిన అమ్మాయి, వేరే మతంవాడు, మాసిన బట్టలవాడు, వీళ్ళను చూడగానే కనుబొమ్మలు ముడిపడే అలవాటు మనకుంది. టెన్నిసు బట్టల్లో వచ్చినవాళ్ళు ఎంత పెద్దమనుషుల్లా ఉన్నారో గుర్తుంచుకోండి! పెళ్ళికాని యువతీయువకులు ఒక గదిలో ఉన్నంత మాత్రాన నేరం కాదని 2019 డిసెంబరులో మద్రాసు హైకోర్టు చెప్పింది. మనకు నచ్చకపోవచ్చు, అది వేరే సంగతి. చూడవలసింది చేష్టను. ఎవరైనా ఎవరినైనా బలవంతపెడుతున్నారా, దాస్తున్నారా, భయపెడుతున్నారా? అవి కనబడకపోతే మన దారిన మనం పోవాలి.

కనబడితే మాత్రం తలుపు కొట్టి నిలదీయకండి. గది నంబరు, వేళ, బండి నంబరు రాసుకుని మేనేజరుకు చెప్పండి. అతను పెడచెవిని పెడితే 112కు ఫోను చెయ్యండి. పిల్లల విషయమైతే 1098, ఆడవాళ్ళ విషయమైతే 181. ఆ రోజు దృశ్యాలు చెరిగిపోకముందే తీసి దాచమనండి. ఊళ్ళో మాత్రం ప్రచారం చెయ్యకండి. మన అనుమానం తప్పయితే ఒక నిరపరాధి పరువు పోతుంది, నిజమైతే దొంగ జాగ్రత్తపడతాడు.

చివరగా ఇంకొక్క మాట. కెమెరా ఉండకూడని చోటు కూడా ఉంది. గదిలో, స్నానాలగదిలో, బట్టలు మార్చుకునే చోట ఎవరూ కెమెరా పెట్టడానికి వీల్లేదు. స్త్రీ ఏకాంతంలో ఉండగా చాటుగా చూసినా, బొమ్మ తీసినా భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద మొదటిసారికే ఏడాదికి తక్కువ కాకుండా, మూడేళ్ళ దాకా జైలు. గదిలో దిగగానే మంచానికి ఎదురుగా ఉన్న గడియారం, పొగను పసిగట్టే గుండ్రటి డబ్బా, ప్లగ్గుల చిల్లులు ఒకసారి పరకాయించి చూడండి. అనుమానమొస్తే దాన్ని ముట్టుకోకుండా బట్ట కప్పి, బయటికొచ్చి పోలీసులకు చెప్పండి. సిగ్గుపడవలసింది పెట్టినవాడు, మనం కాదు.

ఈసారి అంతర్వేది తీర్థానికి వెళ్ళి ఏ లాడ్జిలోనో దిగినప్పుడు, నడవలో చీపురు పట్టుకున్న ఆమెను ఒకసారి పలకరించండి. ఆ నడవలో ఏ గదిలో ఎవరున్నారో, ఏం జరుగుతోందో ముందుగా పసిగట్టేది ఆమే. ఆమె మాటకు విలువిచ్చే యజమాని ఉన్నచోట మన పిల్లలు నిశ్చింతగా నిద్రపోతారు.

ఇక సెలవు.