డార్విన్ ఇంటి కాగితాలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ముప్పై ఏళ్ళు రికార్డు సెక్షనులో పనిచేశాను. ఏ ఫైలు ఎన్నేళ్ళు ఉంచాలో, ఏది తీసేయవచ్చో నాకు కంఠతా వచ్చు. ఇంటికొచ్చేసరికి ఆ తెలివి అక్కరకు రాలేదు. ఆ సంగతి చివర చెబుతాను. ముందు ఒక పెద్దాయన ఇంటి ముచ్చట.

పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ పేరు మనందరం విన్నదే. 1842 నుంచి 1882లో కన్నుమూసే వరకు ఇంగ్లండులో, కెంట్ ప్రాంతపు పల్లెలో ఆయన కాపురం. భార్య ఎమ్మా. పదిమంది పిల్లలు. ఆయన రాసినవీ, ఆయనకు వచ్చినవీ కలిపి సుమారు 15,000 ఉత్తరాలు దొరికాయి. వాటిని సేకరించి అచ్చువేసే పని 1974లో మొదలై, 30 సంపుటాలుగా పూర్తయ్యేసరికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది!

1844 జూలై 5న ఆయన భార్యకు ఒక ఉత్తరం రాసిపెట్టారు. తాను హఠాత్తుగా పోతే 400 పౌన్లు వెచ్చించి, తగిన సంపాదకుణ్ణి చూసి, తన సిద్ధాంతం చిత్తుప్రతిని ప్రచురింపజేయమని కోరారు. అప్పటికి ఆయన వయసు 35. ఆ ఉత్తరంతో పని పడలేదు. 1859లో ఆ సిద్ధాంతాన్ని ఆయనే పుస్తకంగా తెచ్చారు.

ఆ పుస్తకం రాతప్రతిలో చాలా భాగం ఇప్పుడు లేదు. మిగిలిన కాసిని కాగితాల్లో కొన్ని ఎందుకు మిగిలాయంటే, వెనకవైపు పిల్లలు బొమ్మలు గీశారు కనుక! ఒకదానిపై పళ్ళూ కూరగాయలూ సైనికులై యుద్ధం చేస్తుంటాయి. పిల్లల గీతలు దాచబోయి తండ్రి రాతనూ దాచారన్నమాట.

1851లో పదేళ్ళ కూతురు ఆనీ చికిత్సకు వెళ్ళిన ఊళ్ళోనే చనిపోయింది. తండ్రి దగ్గరున్నారు. తల్లి నిండు గర్భిణి, ఇంటివద్దే ఉండిపోయింది. ఆ రోజుల్లో వారిద్దరి మధ్య నడిచిన ఉత్తరాలు చదివితే కళ్ళు చెమరుస్తాయి. ఆనీ రాతసామాను పెట్టెను, అందులో ఆమె జుట్టుపాయను ఎమ్మా దాచుకున్నారు. తల్లి ఉత్తరాలను తరువాత మరో కూతురు హెన్రియెట్టా పుస్తకంగా కూర్చారు.

ఇక నా సంగతి. హాస్టలు నుంచి మా అబ్బాయి రాసిన ఇన్‌లాండు ఉత్తరాలు మా ఇంటావిడ ట్రంకుపెట్టెలో దాచుకుంది. ఇల్లు మారేటప్పుడు, ‘ఈ చెత్తంతా ఎందుకు?’ అని పాత పేపర్లతో పాటు తూకానికి వేసేశాను. ఆవిడ ఏమీ అనలేదు. ఖాళీ పెట్టె మాత్రం కొత్త ఇంటికి తెచ్చుకుంది. ఆవిడ పోయి రెండేళ్ళయింది. పెట్టె ఉంది.

కనుక మిత్రులారా, రెండు మనవులు. పెన్షను కాగితాలు, బ్యాంకు పుస్తకాలు ఎక్కడున్నాయో, మీ తరువాత ఏమి చేయాలో ఇంట్లోవారికి ఈ వారమే రాసిపెట్టండి. రెండోది, ఇంట్లో ఎవరు ఏ కాగితం దాచుకున్నా, వారినడగకుండా పారేయకండి.