పాలబండి టైరు: పట్టు కావాలా, మన్నిక కావాలా?

(సంఘాల కార్యదర్శులు, పాలకవర్గ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దాణా గురించో, వెన్న శాతం గురించో చెబుతామని మీరు అనుకొని ఉంటారు. నేడు మేము టైర్ల గురించి చెప్పదలచాము. కారణం ఉన్నది.

కొన్నేళ్ల క్రిందట ఒక సంఘం వారు పాలు తోలే వ్యానుకు టైర్లు వేయించారు. "ఇంతకన్న ఎక్కువ కిలోమీటర్లు నడిచే రకం ఉండగా ఇవి ఎందుకు కొన్నారు?" అని తనిఖీలో అభ్యంతరం రాసింది మేమే. మరుసటి దఫా వారు మేము చెప్పిన రకమే కొన్నారు. తొలకరి జల్లులో ముందున్న మిర్చి టిక్కీల లారీ ఆగింది గాని, వ్యాను ఆగలేదు. క్యాన్లు దొర్లిపోయాయి. క్లీనరు కుర్రవాని చెయ్యి విరిగింది. తప్పంతా టైర్లదే అనము, వేగమూ ఉన్నది. కాని ఆ అభ్యంతరం మా చేతిరాతే.

చలిదేశాలలో వేసవికొక రకం, మంచుకాలానికొక రకం టైర్లు మారుస్తారు. రెంటచింతల ఎండలు ఎరిగిన మనకు ఆ బెడద లేదు. మన తగవు మరొకటి. మెత్తని రబ్బరు రోడ్డును పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. గట్టి రబ్బరు మన్నుతుంది, తడిలో జారుతుంది. రెండూ కొంత కుదిర్చిన మిశ్రమాలు ఇప్పుడు వస్తున్నాయి, ధర ఎక్కువ. తడి రోడ్డు మీది పట్టును 2022లో కేంద్రం నిబంధనలలో కూడా చేర్చింది.

లెక్క చూడండి. టైరు 5,000 రూపాయలనుకుందాం. ఒకటి 40,000 కిలోమీటర్లు, మరొకటి 50,000 నడుస్తుందనుకుందాం. నాలుగు టైర్లకు కలిపి తేడా కిలోమీటరుకు 10 పైసలు. రోజుకు 80 కిలోమీటర్లు తిరిగే బండికి మిగిలేది 8 రూపాయలు. 40 లీటర్ల క్యాను ఒక్కటి ఒలికితే, లీటరు 40 రూపాయల చొప్పున 1,600. రెండు వందల రోజుల పొదుపు నేలపాలు! కుర్రవాని చెయ్యి ఈ లెక్కలోకి రాదు.

ఇక ఎండలో టైరు పేలుతుందని మన డ్రైవర్లు గాలి తగ్గిస్తారు. ఇది పొరపాటు. గాలి తక్కువైతే టైరు పక్కలు ఎక్కువగా వంగి, లోలోపల కాగుతుంది. దానిపై అధిక బరువు తోడైతే అప్పుడే పేలుతుంది. తెల్లవారుజామున, బండి కదలకముందే, కంపెనీ చెప్పినంత గాలి పట్టించండి. కాగిన టైరులో గాలి తీయవద్దు.

టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 1425 అంటే 2025లో 14వ వారంలో తయారైనదని అర్థం. కొట్టులో ఏళ్ల తరబడి నిలవ ఉన్నదాన్ని చౌక అని తేవద్దు. వ్యానుకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని చట్టం. నల్లరేగడి బురద తొక్కి తారురోడ్డెక్కే మన బండ్లకు అంతదాకా ఆగడం కూడా ఎక్కువే. రెండు టైర్లే మార్చగలిగితే కొత్తవి వెనుకకు వేయించండి. ముందుకు వేయడం మనవాళ్ల అలవాటు గాని, తడిలో వెనుక భాగం జారితే బండిని నిలపడం కష్టం.

ఈ వేసవిలో టైర్లు కొనే సంఘాలు ఏ రకం, ఎందుకు అన్నది తీర్మానంలో రెండు వాక్యాలు రాసి ఉంచండి. పట్టు కోసం కొన్నామని రాస్తే, మా మట్టుకు మేము అభ్యంతరం రాయము.