విదేశీ మహానగరంలో మెలకువ: బ్యాంకాక్ యాత్రికులకు



ఉద్యోగానికో, వ్యాపారానికో తరలివచ్చి పరభాషా నగరంలో స్థిరపడిన కుటుంబాలు మనవి. పరాయి ఊళ్లో మెలగడం మనకు కొత్త విద్య కాదు. అయితే ఇక్కడ దారి తప్పితే అడగడానికి పొరుగువారున్నారు. మోసపోతే వెళ్లడానికి తెలిసిన పోలీసు ఠాణా ఉంది. నష్టపోయినా తేరుకొనే వ్యవధి ఉంది. నాలుగు రోజుల విహారానికి విదేశానికి వెళ్లినవారికి ఈ మూడూ ఉండవు. వాటి లోటును దేనితో పూడ్చుకోవాలన్నదే నేటి ప్రసంగ విషయం. చెన్నై, బెంగళూరు, ముంబయిల నుండి మనవారు విరివిగా వెళ్తున్న బ్యాంకాక్‌ను ఉదాహరణగా తీసుకొంటాను.

జాగ్రత్త ఇంటివద్దనే మొదలు కావాలి. థాయ్‌లాండ్‌కు వెళ్లే ప్రతి విదేశీయుడూ 2025 మే 1 నుండి డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. చేరే తేదీకి ముందు మూడు రోజుల లోపల దానిని నింపవచ్చు. దానికి రుసుము లేదు. డబ్బు అడిగే వెబ్‌సైటు కనబడితే అది ప్రభుత్వానిది కాదని గ్రహించండి. పాస్‌పోర్టు నకళ్లు రెండు తీసి, ఒకటి మీవద్ద, మరొకటి ఇంటివద్ద ఉంచండి.

అక్కడి ప్రధాన విమానాశ్రయం పేరు సువర్ణభూమి. పేరు మనదిగానే తోచినా, బయట పలకరించే ప్రతివాడూ మనవాడు కాడు. లోపలికి వచ్చి టాక్సీ కావాలా అని అడిగేవారిని అనుసరించవద్దు. కింది అంతస్తులో వరుసలో నిలబడితే యంత్రం చీటీ ఇస్తుంది. మీటరుపై వచ్చిన మొత్తానికి 50 బాత్‌ల విమానాశ్రయ రుసుము, టోలు అదనం. ఆ చీటీని పారవేయకండి. సామాను మరచిపోయినా, ఫిర్యాదు చేయవలసి వచ్చినా అదే ఆధారం. బస చేసిన హోటలు పేరు థాయి లిపిలో ముద్రించిన కార్డును వెంట వచ్చిన పెద్దలందరికీ తలా ఒకటి ఇవ్వండి. ఆంగ్లం చదవలేని డ్రైవరుకైనా అది చూపితే చాలు.

ఇక నగరంలోకి వద్దాం. రాజప్రాసాద నిర్మాణం 1782లో, చక్రీ వంశపు తొలి రాజు కాలంలో మొదలయింది. అక్కడి మరకత బుద్ధుని ఆలయ మండపాల గోడలపై రామకథ చిత్రించి ఉంది కనుక మనవారు తప్పక చూస్తారు. ప్రాకారం బయట చక్కని దుస్తులు ధరించిన పెద్దమనిషి ఎదురై, ‘నేడు పూజ ఉంది, మధ్యాహ్నం దాకా లోపలికి రానివ్వరు’ అని మర్యాదగా చెబుతాడు. అంతలోనే ఒక టుక్‌టుక్ వచ్చి ఆగుతుంది. అతి తక్కువ కిరాయికి రెండు మూడు ఆలయాలు చూపిస్తానంటాడు డ్రైవరు. ఆ ప్రయాణం చివరకు రత్నాల దుకాణంలో తేలుతుంది. పన్ను లేని అమ్మకం ఈ ఒక్కరోజే అనీ, మీ దేశంలో అమ్మితే రెట్టింపు లాభమనీ నమ్మబలుకుతారు. డ్రైవరుకు దుకాణం నుండి కమీషను ముడుతుంది. కొన్నవారికి నాసిరకం రాళ్లు మిగులుతాయి. నిజానికి ప్రాసాదం రాజలాంఛనాల దినాలు తప్ప ప్రతిదినం తెరిచే ఉంటుంది. తెరిచి ఉన్నదీ లేనిదీ ద్వారం వద్దకు వెళ్లి స్వయంగా చూసుకోవాలి.

ఈ మోసంలో కత్తి లేదు, బెదిరింపు లేదు; చిరునవ్వూ, తొందరా ఉన్నాయి. ఇప్పుడే, ఈ రోజే, నాతోనే అన్న మాటలు ఎవరి నోట విన్నా అక్కడే ఆగిపోవడం యాత్రికుని ప్రథమ రక్ష. అద్దె మోటారుసైకిలుకు పాస్‌పోర్టు హామీగా అడిగినవారికి కూడా ఇదే సమాధానం: ఇవ్వకండి, వెనుదిరగండి.

చట్టాల విషయంలో తెలియదన్న మాట చెల్లదు. మన ఊళ్లో చిన్న తప్పుగా తోచేది అక్కడ పెద్ద నేరం కావచ్చు. ఎలక్ట్రానిక్ సిగరెట్టును ఆ దేశంలోకి తీసుకొని వెళ్లడం నిషిద్ధం. రాజును, రాణిని, యువరాజును అవమానించిన నేరానికి 3 నుండి 15 ఏండ్ల జైలుశిక్ష ఉంది. పరిహాసానికైనా ఆ ప్రస్తావన వలదు. ఉదయం 8 గంటలకు, సాయంత్రం 6 గంటలకు బహిరంగ స్థలాల్లో జాతీయ గీతం వినిపిస్తే అందరితోపాటు నిలబడండి.

యువకుల తల్లిదండ్రులు ప్రత్యేకంగా వినవలసిన మాట ఒకటుంది. యాత్రికుడిగా వెళ్లి బ్యాంకాక్‌లో ఉద్యోగంలో చేరవచ్చని, డేటా ఎంట్రీకి లక్షల జీతమని చెప్పే ఏజెంట్లున్నారు. యాత్రికునిగా ప్రవేశించినవానికి అక్కడ పనిచేసే హక్కు లేదు. అలా నమ్మి వెళ్లినవారిని విమానాశ్రయం నుండి కారులో సుమారు 500 కిలోమీటర్ల దూరంలోని మే సోత్‌కు తరలించి, మోయి నది దాటించి, మయన్మార్‌లోని సైబర్ మోసాల స్థావరాల్లో నిర్బంధించారు. 2025 మార్చిలో భారత ప్రభుత్వం వాయుసేన విమానాలలో 549 మందిని వెనుకకు తీసుకొని వచ్చింది. వారిలో తెలుగు యువకులూ ఉన్నారు. ఉద్యోగమని ఎవరైనా చెబితే, ఆ ఏజెంటు పేరు భారత ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉన్నదో లేదో చూడనిదే డబ్బు గానీ పాస్‌పోర్టు గానీ ఇవ్వకండి.

ఇంత జాగ్రత్తపడినా ఆపద రావచ్చు. టూరిస్టు పోలీసు సంఖ్య 1155, ఆంగ్లంలో మాట్లాడవచ్చు. సాధారణ పోలీసుకు 191, అంబులెన్సుకు 1669. పాస్‌పోర్టు పోతే మొదట పోలీసు ఫిర్యాదు పత్రం పొందండి. తర్వాత సుఖుంవిత్ ప్రాంతంలోని భారత రాయబార కార్యాలయానికి వెళ్లండి. స్వదేశానికి చేరడానికి మాత్రమే పనికివచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ వారు ఇవ్వగలరు. ఇంటివద్ద ఉంచిన నకలు విలువ ఆనాడు తెలుస్తుంది.

మోసపోయినవారు సిగ్గుపడి నోరు విప్పకపోవడమే మోసగాళ్లకు పెట్టుబడి. మీకు జరిగినది అక్కడి పోలీసుకూ, తిరిగి వచ్చాక ఇక్కడి ఇరుగుపొరుగుకూ చెప్పండి. మీ తర్వాత వెళ్లే కుటుంబానికి అదే రక్షణ.