కుండీలో విస్టీరియా తీగ

జపాన్, చైనా దేశాలకు చెందిన విస్టీరియా, వసంతంలో ఊదారంగు పూలను మూరెడు గుత్తులుగా వేలాడదీసే, చిక్కుడు కుటుంబపు తీగ. దీనిని లోతు తక్కువ కుండీలో, కొమ్మలనూ వేళ్లనూ కత్తిరిస్తూ పొట్టి చెట్టుగా మలచే బోన్సాయ్ పద్ధతిలో జపానీయులు చిరకాలంగా పెంచుతున్నారు. విత్తన మొక్క పూయడానికి 10 నుంచి 15 ఏళ్లు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది గనుక, కొత్తవారు పూస్తున్న తీగ నుంచి తీసిన నేల అంటును, అంటే కొమ్మను వంచి మట్టి కప్పి, వేళ్లు పుట్టాక వేరుచేసిన మొక్కను ఎంచుకోవడం మేలు. ఆకులూ పూగుత్తులూ కుండీకి తగినంతగా కురచబడవు కాబట్టి, అరచేతిలో ఇమిడే బోన్సాయ్‌ మీద ఆశపడేవారికి ఈ తీగ తగదు.

పూత ముగిశాక పొడవాటి రెమ్మలను రెండు మూడు కణుపులకు కుదిస్తే, అక్కడే మరుసటి ఏటి మొగ్గలు కడతాయి. బొద్దుగా ఉబ్బినవి పూమొగ్గలు, సన్నగా కోసుగా ఉన్నవి ఆకుమొగ్గలు. వేరుబుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి, అందువల్ల పైనుంచి నత్రజని ఎరువు దండిగా వేస్తే ఆకే మిగులుతుంది, పువ్వు రాదు. దాహం మాత్రం విపరీతం. నడివేసవిలో కుండీని నీళ్ల పళ్లెంలో నిలిపే సాగుదారులూ ఉన్నారు. శీతాకాలపు చలి కోరే తీగ గనుక తెలుగు మైదానాల్లో పూత దుర్లభం. కాయలూ గింజలూ విషపూరితం, పిల్లలున్న ఇళ్లలో వాటిని లేతగా ఉండగానే తుంచి పారవేయాలి.