తెరచాపకు శ్రుతి చేయుట



గోడకు ఆనించియున్న తంబురా ఒక కొయ్యయు, నాలుగు తీగెలును మాత్రమే. బిరడలు త్రిప్పి శ్రుతి కలిపిన పిదపనే అది వాద్యమగును. తెరచాప సంగతియు ఇట్టిదే. విప్పి కొయ్యకు తొడిగినంతమాత్రమున అది చాప కాజాలదు. త్రాళ్ళను తగినంత బిగించి గాలికి అనువుగా దిద్దవలెను. ఆ దిద్దుబాటును గూర్చియే నేడు కొంత ముచ్చటింపదలచితిమి.

నారాయణఖేడ్ ప్రాంతమువారికి తెరచాపలతో ఏమి పని అని కొందరు అడుగవచ్చును. సముద్రము మనకు దూరమే. అయినను మంజీర మన నది. దానిపై ఎగువన సింగూరు జలాశయమును, దిగువన 1931లో పూర్తియైన నిజాంసాగరమును ఉన్నవి. మన రాజధానిలోని హుస్సేన్‌సాగరముపై నైరృతి ఋతుపవనములు వీచు జూలై మాసమున తెరచాప పడవల పందెములు జరుగుట పరిపాటి. అంతియేకాక, క్రీస్తుశకము రెండవ శతాబ్దమున యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కొయ్యల ఓడ ముద్రింపబడియున్నది. తెలుగువారికి తెరచాప క్రొత్త వస్తువు కాదు.

క్రొత్తది తెరచాప పలక. విండ్‌సర్ఫింగ్ అని దీనికి వాడుక పేరు. 1964లో అమెరికాలో న్యూమన్ డార్బీ అను నతడు పలకపై చాపను నిలిపి నడపెను. 1968లో కాలిఫోర్నియాలో హోయిల్ ష్వైట్జర్, జిమ్ డ్రేక్ అను ఇరువురు నేడు మనము చూచు రూపమునకు హక్కుపత్రము కోరిరి. 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలలో పురుషులకును, 1992లో బార్సిలోనాలో స్త్రీలకును ఈ పందెములు ప్రారంభమైనవి. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో మన దేశపు ఇబాద్ అలీ ఈ విద్యలోనే కాంస్య పతకము గెలిచెను.

ఈ పలకకు చుక్కాని లేదు. మనిషి నిలుచుండి చాపను ముందుకు వంచినచో పలక గాలివాలునకు తిరుగును, వెనుకకు వంచినచో గాలికి ఎదురుగా తిరుగును. దారి చూపునదియు చాపయే, లాగునదియు చాపయే. అందుచేత చాప బిగింపులో తప్పు జరిగినచో దానిని సరిదిద్దుటకు వేరొక సాధనము లేదు. ఆ భారమంతయు చేతులపై పడును.

కొన్ని ఏండ్ల క్రిందట ఒక చెరువుగట్టున మేము దీనిని కన్నులార చూచితిమి. ఒక యువకుడు చాపను కట్టుచుండెను. ఎక్కడను ముడుత లేదు. పైఅంచు మొదలు క్రిందిఅంచు వరకు ఇస్త్రీ చేసిన వస్త్రమువలె నుండెను. ఎంత చక్కగా కట్టినాడని మేము మెచ్చుకొంటిమి. అతడు నీటిపైకి పోయిన కొంతసేపటికి గాలి హెచ్చెను. చాప అతనిని వెనుకచేతివైపు ఈడ్చుచుండెను. రెండుమారులు పడెను, లేచెను. మూడవమారు లేవలేక పలకపై కూలబడి ఆవలిగట్టుకు కొట్టుకొనిపోయెను. పడవ పంపి తీసికొనిరావలసివచ్చెను. అనుభవజ్ఞుడైన వృద్ధుడొకడు ఆ చాపనే తీసికొని క్రింది త్రాటిని మరి రెండు వ్రేళ్ళ వెడల్పు లాగి బిగించెను. వెంటనే చాప పైభాగమున వెనుక అంచు వదులై వ్రేలాడసాగెను. చాప చెడినదని మేము తలచితిమి. కాని ఆ యువకుడే మరల దానితో పోయి, అదే గాలిలో, ఇంటిదారి పట్టిన ఎద్దువలె తిన్నగా తిరిగివచ్చెను. మేము మెచ్చిన నునుపే ఆ చాపకు దోషము.

దీనికి కారణము తెలిసికొందము. గాలి వేగము రెండింతలైనచో దాని ఒత్తిడి నాలుగింతలగును. నీటిమట్టమున రాపిడివలన గాలి మందగించును. పైకి పోయినకొలది హెచ్చును. కనుక చాప పైభాగము క్రిందిభాగముకంటె ఎక్కువగా తెరచుకొనవలెను. క్రింది త్రాటిని లాగినప్పుడు కొయ్య విల్లువలె వంగును. అంతట పైన వెనుక అంచు సడలును. పెనుగాలి విసరు వచ్చినప్పుడు ఆ సడలిన భాగము తెరచుకొని మిగులు గాలిని వదలివేయును. వదలనిచో, గాలి బలము చాప నడిమినుండి వెనుకకు జరిగి వెనుకచేతిని ఈడ్చును. ఆ యువకునికి జరిగినది ఇదియే.

ఇక కట్టు విధానము. ప్రతి చాపపైనను కొన్ని కొలతలు అచ్చువేసియుండును. ముందు వాటిని చదువవలెను. చాప ముందంచు పొడవు 448 సెంటీమీటర్లు, కొయ్య 430 సెంటీమీటర్లు అని యున్నచో, క్రింద తగిలించు పాదమును 18 సెంటీమీటర్లకు అమర్చవలెను. రాళ్ళు లేని నేలపై చాపను పరచి, కొయ్యను ఒరలోనికి మెల్లగా చొప్పించవలెను. పాదములోని కప్పీలగుండ త్రాటిని ఎక్కించునపుడు ఒక పేట మరియొక పేటను దాటకుండ చూడవలెను. మెలిపడినచో ఎంత బలముతో లాగినను త్రాడు రాదు.

మొదట క్రింది త్రాటిని కొంతవరకు లాగి, పట్టుకొయ్యను, అనగా బూమ్‌ను, నిలుచున్నప్పుడు భుజమునకును గడ్డమునకును నడుమ వచ్చునట్లు బిగింపవలెను. వెలుపలి త్రాటిని వదులుగా ముడివేసి యుంచవలెను. పిదప నేలపై కూర్చుండి, పాదముపై కాలు తన్నిపెట్టి, త్రాటిని ఒక కర్రకు చుట్టుకొని క్రింది త్రాటిని పూర్తిగా లాగవలెను. వట్టిచేతులతో లాగినచో వ్రేళ్ళు కోసుకొనును, నడుము పట్టుకొనును. పైనుండి రెండవ, మూడవ బద్దల నడుమవరకు వెనుక అంచు సడలినట్లు కనబడువరకు లాగుట సామాన్య నియమము. చాలమంది ఇక్కడనే చాలించి తప్పుచేయుదురు.

తరువాతనే వెలుపలి త్రాటి పని. దీనిని కొద్దిగా లాగినచో చాపకు కడుపు మిగులును. మందగాలిలో ఆ కడుపే బలము. ఎక్కువ లాగినచో చాప చదునగును. పెనుగాలిలో ఆ చదునే అదుపు. ఒకటి రెండు సెంటీమీటర్ల మార్పుతోనే భేదము తెలియును. గాలి నిండినప్పుడు చాప పట్టుకొయ్యను ఒరసికొనరాదని గుర్తుంచుకొనవలెను. కట్టకడపట, బద్దలకు అడ్డముగా ముడుతలున్నచో అవి పోవువరకు మాత్రమే బద్దలను బిగింపవలెను. విప్పునపుడు క్రమము తారుమారు: ముందు వెలుపలి త్రాడు, తరువాత క్రింది త్రాడు.

మన యిండ్లలో నులకమంచము బిగించువారికి ఇది సులభముగా బోధపడును. కాళ్ళవైపు త్రాడు లాగక, నడుమ నులకను ఎంత సవరించినను మంచము కుంగుట మానదు. పతంగి ఎగురవేయు పిల్లలకును తెలియును. సూత్రము ముడి ఒక వ్రేలి వెడల్పు జరిగినచో అదే కాగితము, అదే గాలి, కాని పతంగి చక్రము తిరిగి నేలకూలును.

ఒక హెచ్చరికతో ముగింతుము. మంజీర జలాశయములలో త్రాగునీటివి కలవు. సంగారెడ్డి సమీపమున, 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన నీటిపట్టున మొసళ్ళు కలవు. అనుమతి లేనిదే అట్టిచోట ఎవరును దిగరాదు. నేర్వగోరువారు శిక్షకుడును, రక్షణపడవయు ఉన్న చోటనే, తేలుడు చొక్కా ధరించి నేర్వవలెను. గట్టున త్రాడు లాగుటకు పట్టు సమయము పది నిమిషములు. ఆ పది నిమిషములు ఓపిక పట్టనివాడు నడినీట తన చేతుల బలముతో ఆ అప్పు తీర్చుకొనవలసివచ్చును. బలము చాలనినాడు పడవ పంపుటకు గట్టున ఎవరో ఒకరు ఉండవలసియుండును.