చిగుళ్ల నెత్తురు, ఒంట్లో చక్కెర
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య ప్రసంగానికి గుండె డాక్టరును పిలుస్తారు, కీళ్ల డాక్టరును పిలుస్తారు. పళ్ల డాక్టరును పిలవడం అరుదు. ప్రభుత్వ సర్వీసులో పళ్లు చూసి చూసి, మీలాగే పింఛను తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి ఇంట్లో మాట్లాడుకున్నట్టే నాలుగు మాటలు మనవి చేస్తాను.

మనలో చాలామంది మూడు నెలలకోసారి నారాయణగూడ ఐ.పి.ఎం.కో, దగ్గరి ల్యాబుకో వెళ్లి పరగడుపున రక్తం ఇచ్చి వస్తారు. ఆ రిపోర్టు జేబులో పెట్టుకుని ఇందిరా పార్కు నడకలో ఒకరికొకరు చూపించుకుంటారు. కానీ పొద్దున పళ్లు తోమి ఉమ్మినప్పుడు ఎర్రగా కనిపించిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పరు. "వయసైంది కదా" అని నీళ్లు పోసేస్తారు. నా ఫిర్యాదంతా ఆ ఒక్క మాట మీదే.

1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే ఆచార్యుడు, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. చిగుళ్లు బాగున్న 12 మందిని పళ్లు తోమడం మానేయమన్నారు. వారిలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే, పడుచువాళ్లే. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో మామూలయ్యాయి. ఇందులో వయసు ప్రసక్తి ఎక్కడుంది? పంటి మీద పేరుకునే మెత్తటి పాచి, అందులో సూక్ష్మజీవులు, అంతే. ఆ పాచి గట్టిపడితే మనం గార అంటాం. గార చిగురు కిందికి దిగితే పంటికీ చిగురుకీ మధ్య సంచిలా ఖాళీ ఏర్పడుతుంది, లోపల ఎముక కరుగుతుంది. పాతవాళ్లు పయోరియా అనేవారు. నొప్పి ఉండదు కనుక పన్ను కదిలేదాకా ఎవరూ రారు.

జబ్బు బాగా ముదిరినవారి నోట్లో, అన్ని పళ్ల చుట్టూ లోపల పుండుపడిన భాగాన్ని పరిస్తే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు ఉంటుందని ఒక అంచనా. అంటే ఒకటి రెండు పెద్ద తపాలా బిళ్లలంత పుండు. షుగరున్న మనిషి అరికాలికి అంత పుండు పడితే ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తుతాడు. నోట్లో ఉంటే ఏళ్ల తరబడి దాంతోనే ఇడ్లీ తింటాడు!

ఎముకను కరిగించేది సూక్ష్మజీవులేనా? ఇక్కడ మన తెలుగువాడి ప్రస్తావన వస్తుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడే టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ వెలువడింది. అది 1948లో, ఆయన పోయిన సంవత్సరమే. సూక్ష్మజీవులను చంపడానికే ఆ మందులని అందరూ అనుకున్నారు. 1980 దశకంలో అమెరికాలోనే లోర్న్ గోలబ్ అనే దంతశాస్త్రజ్ఞుడు మధుమేహం కలిగించిన ఎలుకలకు అదే కుటుంబపు మందు ఇచ్చి చూశాడు. ఒంట్లో సూక్ష్మజీవి అన్నదే లేకుండా పెంచిన ఎలుకల్లో కూడా చిగుళ్లు చెడిపోవడం తగ్గింది. చంపడానికి సూక్ష్మజీవులే లేనప్పుడు మందు దేని మీద పనిచేసినట్టు? ఎలుక ఒంట్లోనే పుట్టి, చిగురును పట్టి ఉంచే నారను కోసేసే ఎంజైము మీద. అంటే శత్రువు మీదికి పంపిన సైన్యమే సొంత ఊరిని దోచుకుంటోందన్నమాట. దాన్నే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. ఈ సంగతి ఆధారంగానే 1998లో అమెరికా ప్రభుత్వం 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్‌ను చిగుళ్ల జబ్బుకు అనుమతించింది. సూక్ష్మజీవులను చంపడానికి ఆ మోతాదు చాలదు, ఎంజైమును అణచడానికి చాలు. విన్నాం కదా అని మెడికల్ షాపులో అడిగి కొనుక్కోకండి, డాక్టరు రాస్తేనే.

ఇక హార్మోన్ల విషయం. ఇన్సులిన్ కూడా హార్మోనే. రక్తంలో ఉన్న చక్కెరను కణాలు లోపలికి తీసుకోవాలని అది ఇచ్చే ఉత్తర్వు. వాచిన చిగుళ్ల నుంచి టీఎన్‌ఎఫ్ వంటి పదార్థాలు రక్తంలో కలిసి ఆ ఉత్తర్వు అమలుకు అడ్డుపడతాయి. మనం ఆఫీసుల్లో చూసినదే: జీవో వచ్చింది, సెక్షన్‌లో ఫైలు కదలలేదు. చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది. అలా నిలిచిన చక్కెర తిరిగి చిగుళ్లలోని మాంసకృత్తులకు పట్టుకుని, గాయం మానే శక్తిని తగ్గించి, వాపును ఎగదోస్తుంది. ఇది అటు, అది ఇటు. నేను చెప్పిన ఆ లో గారే 1993లో చిగుళ్ల జబ్బును మధుమేహం తెచ్చిపెట్టే ఆరో ఉపద్రవమన్నారు. కన్ను, మూత్రపిండం, నరాలు, రక్తనాళాలు చూపించుకుంటున్న మనవాళ్లు ఈ ఆరోదాన్ని లెక్కలోకే తీసుకోరు.

చిగుళ్లకు చికిత్స చేస్తే చక్కెర తగ్గుతుందా? తగ్గుతుంది, కొంత. అనేక పరీక్షలను కలిపి 2022లో వేసిన లెక్క ప్రకారం, మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సుమారు 0.4 శాతం పాయింట్లు తగ్గింది. 8.2 ఉన్నది 7.8 అవుతుందన్నమాట. ఒక మాత్ర అదనంగా వేసుకున్నంత పని. షుగరు మందు మానేయవచ్చని మాత్రం కాదు.

గుండె జబ్బు సంగతి ఇంత ఖాయంగా చెప్పలేను. చిగుళ్ల జబ్బున్నవారిలో గుండె జబ్బు ఎక్కువగా కనిపిస్తుందన్నది నిజం. కానీ 2012లో అమెరికా హృద్రోగ సంఘం, సంబంధం ఉన్నా ఒకటి రెండోదానికి కారణమని రుజువు కాలేదని చెప్పింది. పొగ తాగడం రెండింటికీ మూలమే కదా. ఇందులో తొందరపడితే ఏమవుతుందో చరిత్ర చెబుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రతి రోగానికీ పళ్లే మూలమని నమ్మి, కీళ్ల నొప్పికీ పిచ్చికీ కూడా వేల మందికి మంచి పళ్లు పీకేశారు. ఇప్పుడు కూడా ఎవరైనా "అన్నీ పీకించేయండి, ఒళ్లు బాగవుతుంది" అంటే ఇంకో డాక్టరుకు చూపించుకోండి.

సోదరీమణులకు ఒక మాట. గర్భిణిగా ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్ పెరిగి చిగుళ్లలోని రక్తనాళాలు ఉబ్బుతాయి, కొద్దిపాటి పాచికే నెత్తురు వస్తుంది. పురిటికి వచ్చిన అమ్మాయి బ్రష్షు పెడితే రక్తం వస్తోందంటే తోమడం మానిపించకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. క్లీనింగు ప్రమాదం కాదు, నాలుగు నుంచి ఆరో నెల మరీ అనుకూలం. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి ఎముక పలచబడుతుంది, దవడ ఎముకకూ మినహాయింపు లేదు. ఎముకల కోసం ఎలెండ్రోనేట్ వంటి మాత్రలు వాడేవారు పన్ను పీకించుకునే ముందు ఆ సంగతి తప్పక చెప్పాలి.

అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు మన ఇళ్లలోనే అద్దెకుంటారు. నిద్రలేమి, టీలు, ఆందోళన. ఆందోళనలో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. జర్మనీలో 1990లలో వైద్య విద్యార్థులను పరిశీలిస్తే పరీక్షల రోజుల్లో చిగుళ్ల వాపు ఎక్కువైంది. మేడమీది కుర్రవాడి నోటికీ ఈ కబురు చేరవేయండి.

చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. మెత్తని బ్రష్షుతో రెండుపూటలా రెండు నిమిషాలు, ముఖ్యంగా రాత్రి పడుకోబోయే ముందు. కచిక, ఇటుకపొడి వద్దు, అవి పన్నునే అరగదీస్తాయి. పళ్ల మధ్య సందులకు సన్నని బ్రష్షులు దొరుకుతాయి. పొగ తాగేవారికి చిగుళ్ల నుంచి రక్తం తక్కువగా వస్తుంది, అది ఆరోగ్యం అనుకోవద్దు, జబ్బు దాక్కుందని అర్థం. ఖర్చుకు వెనుకాడేవారు ఉస్మానియా ఆసుపత్రి దగ్గర అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు వెళ్లవచ్చు.

చీటీల మీద రెండు ప్రశ్నలు వచ్చాయి. మొదటిది: క్లీనింగు చేయిస్తే పళ్లు వదులవుతాయట కదా? గోడ పడిపోకుండా చెత్త ఆనించి ఉందనుకోండి. చెత్త తీస్తే గోడ కదులుతున్నట్టు తెలుస్తుంది, అయితే కదలడం అంతకు ముందునుంచే ఉంది. గార తీశాక చిగురు గట్టిపడితే చాలా పళ్లు తిరిగి నిలుస్తాయి.

రెండోది బీపీకి ఎమ్లోడిపిన్ వాడుతున్న సభ్యులది. చిగుళ్లు పళ్ల మీదికి పెరుగుతున్నాయట. ఆ మందుతో కొందరికి అలా జరుగుతుంది, పాచి ఉంటే మరీను. మందు మీ అంతట మీరు ఆపవద్దు. చిగుళ్లు శుభ్రం చేయించుకుని, మందు మార్చాలా అని మీ బీపీ డాక్టరునే అడగండి. ఆ సభ్యులు ఇక్కడే ఉంటే సభ ముగిశాక నాకు ఒకసారి కనిపించవలసిందిగా కోరుతున్నాను. సెలవు.