స్టీరింగ్ వంకరైతే చక్రాలను చూడండి



మీలో కారు నడిపేవారు ఉన్నారు, కారు కొని డ్రైవరును పెట్టుకున్నవారు ఉన్నారు, పిల్లలను అద్దె బండిలో బడికి పంపే తల్లిదండ్రులు ఉన్నారు. మిమ్మల్నందరినీ ఒక ప్రశ్న అడుగుతాను. తిన్నని రోడ్డు మీద బండి తిన్నగా పోతున్నప్పుడు ఆ స్టీరింగ్ ఎలా ఉంటోంది? సమంగా ఉంటోందా? లేక ఒక పక్కకు ఒరిగి ఉంటోందా? చాలామంది ఏమంటారో తెలుసా? "కొంచెం వంకరేనండీ, అయితే ఏమైంది, అలవాటైపోయింది" అంటారు. అలవాటైపోయింది! ఈ ఒక్క మాట గురించి ఈ రోజు కొంచెం ఆలోచిద్దాం.

స్టీరింగ్ వంకర జబ్బు కాదు, సహోదరులారా. అది జబ్బును చూపించే గుర్తు. జ్వరం వచ్చినప్పుడు థర్మామీటరులోని పాదరసాన్ని కిందికి విదిలిస్తే జ్వరం తగ్గుతుందా? తగ్గదు గదా! అలాగే చేతిలోని స్టీరింగ్‌ను మాత్రమే సమంగా తిప్పి పెట్టినంత మాత్రాన బండి బాగుపడదు. వంకర ఎక్కడ ఉన్నదో అక్కడ సరిచేయాలి.

అసలు స్టీరింగ్ ఎలా పని చేస్తుంది? మీరు స్టీరింగ్ తిప్పితే దాని కింద ఉన్న కడ్డీ తిరుగుతుంది. ఆ కడ్డీ చివర చిన్న పళ్ళ చక్రం ఉంటుంది. అది ర్యాక్ అనే పళ్ళ కడ్డీని కుడికో ఎడమకో జరుపుతుంది. ర్యాక్ రెండు చివరలకు రెండు టై రాడ్లు ఉంటాయి. ఎడమ టై రాడ్ ఎడమ చక్రాన్ని, కుడి టై రాడ్ కుడి చక్రాన్ని తిప్పుతాయి. ఈ రెండు టై రాడ్ల పొడవును మరలతో పెంచవచ్చు, తగ్గించవచ్చు. ర్యాక్ సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు రెండు చక్రాలూ తిన్నగా ముందుకు చూసేలా ఆ పొడవులు ఉండాలి. ఒకటి ఎక్కువై మరొకటి తక్కువైతే ఏమవుతుంది? బండిని తిన్నగా నడపాలంటే మీరు స్టీరింగ్‌ను కొంచెం పక్కకు పట్టుకోవలసి వస్తుంది. అదే మీరు చూస్తున్న వంకర.

ఇక్కడ ఒక తేడా గమనించండి. స్టీరింగ్ వంకరగా ఉండి కూడా బండి తిన్నగా పోవడం ఒకటి. స్టీరింగ్ మీద పట్టు సడలించగానే బండి ఒక పక్కకు లాగడం మరొకటి. లాగుతూ ఉంటే ముందు టైర్లలో గాలి చూడండి. ఒక పక్క బ్రేకు పట్టేసి ఉందేమో చూడండి. ముందు టైర్లను అటుది ఇటు, ఇటుది అటు మార్చి చూస్తే, లోపం టైరులోనే ఉందో లేదో తెలుస్తుంది. మన రోడ్లు నీళ్ళు పోవడానికి అంచువైపు వాలుగా ఉంటాయి. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి బండి కొంచెం ఎడమకు జరగడం సహజమే. కాబట్టి చదునైన రోడ్డు మీద చూడకుండా తీర్పు చెప్పవద్దు.

ఇప్పుడు అలవాటైపోయిందన్నవారి కోసం ఒక చిన్న లెక్క. బండి గుంతలో పడింది. ఎడమ ముందు చక్రం కొంచెం పక్కకు తిరిగింది. ఎంత? టైరు ముందు అంచుకూ వెనక అంచుకూ తేడా 6 మిల్లీమీటర్లు అనుకుందాం. బండి కదలగానే రెండు ముందు చక్రాలు ఆ తప్పును చెరి సగం పంచుకుంటాయి. ఒక్కొక్కదానికి 3 మిల్లీమీటర్లు. టైరు అడ్డకొలత 60 సెంటీమీటర్లు అనుకుంటే, చక్రం ఒక కిలోమీటరు దొర్లే లోపల 5 మీటర్లు పక్కకు ఈడ్వబడుతుంది. 10,000 కిలోమీటర్లు నడిచే సరికి 50 కిలోమీటర్లు! రబ్బరును 50 కిలోమీటర్లు రోడ్డు మీద అడ్డంగా రుద్దినట్టే. మరి ఇంత నష్టానికి స్టీరింగ్ ఎంత వంకరవుతుంది? చాలా కార్లలో స్టీరింగ్ సుమారు 15 డిగ్రీలు తిరిగితే చక్రం 1 డిగ్రీ తిరుగుతుంది. ఆ లెక్కన స్టీరింగ్ ఒరిగేది 4 డిగ్రీల పైచిలుకు మాత్రమే. గడియారంలో ఒక నిమిషపు గీత 6 డిగ్రీలు. అంతకన్నా తక్కువ వంకరను మనం చూసి కూడా చూడనట్టు ఉంటాం. టైరు మాత్రం ప్రతి కిలోమీటరుకూ దాని వెల చెల్లిస్తూనే ఉంటుంది.

ఆ అరుగుదల చాలాసార్లు లోపలి అంచున ఉంటుంది. నిలబడి చూసేవారికి టైరు కొత్తదానిలా కనిపిస్తుంది. వంగి, చేయి లోపలికి పెట్టి తడిమితేనే తెలుస్తుంది. టైరు గాళ్ళలో చిన్న దిమ్మలు ఉంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. రబ్బరు ఆ దిమ్మల మట్టానికి అరిగిందంటే ఆ టైరు పని అయిపోయింది. బయటి అంచు బాగుంది గదా అని నడిపితే, వానలో బ్రేకు వేసిన రోజున అది నిన్ను ఆదుకోదు.

అయితే దీన్ని సరిచేయడమెలా? ముందు చేయకూడని మూడు సంగతులు చెబుతాను.

మొదటిది, స్టీరింగ్‌ను ఊడదీసి ఒక పన్ను జరిపి బిగించడం. పది నిమిషాల పని, చూడటానికి సమంగా ఉంటుంది. కానీ ర్యాక్ మధ్యలో లేదు గదా! కుడికి తిప్పితే ఒకంత, ఎడమకు తిప్పితే మరొకంత తిరుగుతుంది. ఇండికేటరు దానంతట అది ఆగవలసిన చోట ఆగదు. ఇంకొక ప్రమాదం ఉంది. మన దేశంలో 2019 జూలై నుండి కొత్త కార్లన్నిటికీ డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. అది స్టీరింగ్‌లోనే ఉంటుంది. దానికి కరెంటు అందించే చుట్ట లాంటి తీగ రెండు పక్కలా సమానంగా తిరిగేలా అమర్చి ఉంటుంది. మధ్య తప్పించి బిగిస్తే, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఆ తీగ తెగిపోవచ్చు. తెగితే ప్రమాద సమయంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదు. ఎవరైనా ఇదివరకే స్టీరింగ్ ఊడదీసి తప్పుగా పెట్టి ఉంటే మాత్రం దానిని సరిగ్గా పెట్టాలి. అది ఎలా తెలుస్తుంది? స్టీరింగ్‌ను ఈ చివర నుండి ఆ చివరకు తిప్పి ఎన్ని చుట్లో లెక్కపెట్టండి. మూడు చుట్లయితే ఒకటిన్నర దగ్గర మధ్య. అక్కడ స్టీరింగ్ సమంగా లేకపోతే తప్పు బిగింపులో ఉంది. సమంగా ఉంటే తప్పు కింద ఉంది.

రెండవది, ఒక పక్క టై రాడ్ మాత్రమే తిప్పి పంపించేయడం. స్టీరింగ్ సమం అవుతుంది గానీ, రెండు చక్రాలు ఒకదాని వైపు ఒకటి చూసే కొలత, అంటే టో, మారిపోవచ్చు. టో సరిగ్గానే ఉండి స్టీరింగ్ మాత్రమే వంకరైతే, ఒక పక్క ఎంత పొడిగిస్తామో రెండవ పక్క అంతే తగ్గించాలి.

మూడవది, ముందు చక్రాలను మాత్రమే చూడటం. వెనక చక్రాలు ఎటు చూస్తే బండిని అటే తోస్తాయి. వెనక ఇరుసు కొంచెం పక్కకు తిరిగి ఉంటే, ముందు చక్రాలను కూడా ఆ మేరకు తిప్పి పట్టుకోవాలి. అప్పుడు స్టీరింగ్ వంకరగానే ఉంటుంది. చిన్న కార్లలో చాలావాటికి వెనక టో మార్చే మరలే ఉండవు. అయినా కొలవాలి. మార్చలేకపోయినా, వెనక చక్రాలు తోసే దిక్కును బట్టి ముందు చక్రాలను అమర్చవచ్చు.

ఇక సరైన పద్ధతి. దయచేసి వరుసను గుర్తుంచుకోండి. మొదట నాలుగు టైర్లలో కంపెనీ చెప్పినంత గాలి. తరువాత బండిని పైకెత్తి టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు ఆడుతున్నాయేమో చూడాలి. ఆడుతున్నవాటిని మార్చకుండా అలైన్‌మెంట్ చేయిస్తే ఇసుక మీద గోడ కట్టినట్టే. బయటికి వెళ్ళేలోగా కొలత మారిపోతుంది. తరువాత మెషీన్ మీద నాలుగు చక్రాలనూ కొలవాలి. ఇంజను ఆడుతుండగా స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పి, సమంగా నిలిపి, కదలకుండా కర్ర లాంటి పట్టీతో బిగించాలి. ఈ ఒక్క పని సరిగ్గా చేయకపోతే ఎంత ఖరీదైన మెషీన్ అయినా స్టీరింగ్ వంకరగానే వస్తుంది. ఆపైన ముందుగా వెనక చక్రాలు, తరువాత ముందు చక్రాల వాలు, చివరికి టో. టై రాడ్ చెక్ నట్ వదులు చేసి, రబ్బరు బూటు మెలి తిరగకుండా చూసి, రెండు పక్కలా కొలతకు తెచ్చి, నట్ మళ్ళీ గట్టిగా బిగించాలి. బండి జారకుండా కాపాడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఉన్న కార్లలో స్టీరింగ్ కోణాన్ని చెప్పే సెన్సరు ఉంటుంది. చాలా కార్లలో పని అయ్యాక దానికి కూడా కొత్త మధ్యస్థానం స్కానరుతో చెప్పాలి. ఆఖరున చదునైన రోడ్డు మీద నడిపి చూడాలి.

మీరు అడగవలసినది ఒకటుంది. ముందు కొలతలు, తరువాత కొలతలు ఉన్న కాగితం అడిగి తీసుకోండి. సిగ్గుపడవద్దు. అది మీ డబ్బుకు లెక్క. ఇంకొక మాట. 80, 90 వేగంలో స్టీరింగ్ వణకడం వేరే సంగతి. అందుకు ముందు చూడవలసింది బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ కాదు. రెండూ ఒకే చోట చేస్తారు గనుక రెండూ ఒకటే అనుకోకండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక. నిన్నటి దాకా సమంగా ఉన్న స్టీరింగ్ ఈ రోజు ఉన్నట్టుండి వంకరైతే, గుంతలో పడిన తరువాతో, డివైడరుకు తగిలిన తరువాతో వంకరైతే, అలైన్‌మెంట్ అడగకండి. పరీక్ష అడగండి. టై రాడ్ వంగి ఉండవచ్చు, లోయర్ ఆర్మ్ వంగి ఉండవచ్చు. వంగిన ఇనుమును మరలు తిప్పి కొలతకు తెస్తే కాగితం మీద అన్నీ బాగానే కనిపిస్తాయి. వంగిన చోట బలహీనత మాత్రం అలాగే ఉంటుంది. స్టీరింగ్‌లో ఆట పెరిగినా, తిప్పినప్పుడు కింద నుండి టకటక శబ్దం వచ్చినా, బ్రేకు వేసిన ప్రతిసారి వంకర మారుతున్నా, ఆ బండిలో దూర ప్రయాణం వద్దు. టై రాడ్ ఊడిపోతే ఆ చక్రం మీద మీకు అధికారం లేదు. ఎంత బాగా నడిపే డ్రైవరైనా అప్పుడు చేయగలిగింది చాలా తక్కువ.

కాబట్టి బండి యజమానులైన ప్రియులారా, మీకొక మనవి. మీ డ్రైవరు వచ్చి, "అయ్యా, స్టీరింగ్ కొంచెం తేడాగా ఉందండీ" అన్నప్పుడు, "బండి నడుస్తోంది గదా, వచ్చే నెల చూద్దాంలే" అనకండి. ఆ మాట అనడానికి అతను ఎంత సందేహించి ఉంటాడో! బండిలో ఏమి తేడా వచ్చిందో ముందుగా తెలిసేది అతని చేతులకే. ఆ చేతుల మాట వినండి. డ్రైవరు సోదరులారా, మీరు కూడా సర్దుకుపోకండి. కిస్తీ కట్టాలి, ట్రిప్పు పోతుంది, నిజమే. కానీ వెనక సీటులో పిల్లలున్నారు. ఇంటి దగ్గర మీ పిల్లలున్నారు.

వంకరకు అలవాటుపడటం సులువు. కొన్నాళ్ళకు మన చేతులే దానికి తగ్గట్టు వంగిపోతాయి, అప్పుడు వంకరే తిన్నగా కనిపిస్తుంది. ఆ రోజు రాకముందే చూసుకోండి. రేపు ఉదయం బండి తీసినప్పుడు, చదునైన తిన్నని రోడ్డు మీద ఒక్క క్షణం మీ స్టీరింగ్ వైపు చూడండి. వంకరగా ఉంటే దానిని మందలించకండి. కిందికి వంగి, చక్రాలను చూడండి.

సెలవు.